‘అందరికీ ఓకేనా?’ అని అడిగితే అందరూ ఓకేనే అంటారు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మధురవాడలో ఐటీ ఉద్యోగం, ఆఫీసులో ఎనిమిది మంది లంచ్ బ్యాచ్. భోగాపురం ఎయిర్‌పోర్టు వైపు ఒక ‘ప్రీ లాంచ్’ లేఅవుట్, అంటే ఇంకా అధికారికంగా అమ్మకాలు మొదలుపెట్టనిది, చూడ్డానికి అమ్మేవాళ్ల బండిలోనే అందరూ కలిసి వెళ్లారు. 200 గజాల ప్లాటు, గజం 18 వేలు. తిరిగొచ్చేలోపే తలా యాభై వేలు టోకెన్ కట్టేశారు. అప్రూవల్ సంగతేంటన్న అనుమానం మీకు అక్కడే వచ్చింది, అయినా నోరు మెదపలేదు. వచ్చే ఆదివారానికి తలా ఐదు లక్షలు కట్టాలి. ‘అందరూ ఓకే అంటుంటే నేనూ ఓకే అనేశాను. నాకు సొంత బుర్ర లేదా సార్? నేను పిరికిదాన్నా?’ అని అడిగారు.

పిరికితనం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పండి. మిగతా ఏడుగురిలో ఎవరితోనైనా విడిగా మాట్లాడారా? మీ ప్రశ్నలో ఆ ముక్క ఎక్కడా లేదు. ‘అందరికీ నమ్మకం ఉంది, నాకే అనుమానం’ అని రాశారు. వాళ్లకు నమ్మకం ఉందని మీకెలా తెలిసింది? వాళ్లు ఏమీ అనలేదు కాబట్టి. మీరూ ఏమీ అనలేదు కదా! అంటే ఆ బండిలో కూర్చున్న ఏడుగురి లెక్కలో మీరు కూడా నమ్మకం ఉన్న మనిషే. వాళ్లలో ఇద్దరో ముగ్గురో మిమ్మల్ని చూసే ధైర్యం తెచ్చుకుని ఉంటారు.

నేను సైకాలజిస్టును కాను. గాజువాక వైపు ఫ్యాక్టరీల్లో సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. యంత్రాలు ఎక్కడ చెడిపోతాయో కనిపెట్టడం ఆ ఉద్యోగంలో సగం పని. మిగతా సగం, చెడిపోయిందని తెలిసిన మనిషి చేత ఆ మాట చెప్పించడం. రెండోదే కష్టం. అందుకే ఈ విషయం మీద చేతికి దొరికినవి చదువుతూ వచ్చాను.

1968లో బిబ్ లాటనే, జాన్ డార్లీ అనే ఇద్దరు సైకాలజిస్టులు చేసిన ప్రయోగం ఒకటుంది. గదిలో కూర్చుని ఫారం నింపుతుంటే గోడలోంచి పొగ రావడం మొదలవుతుంది. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి బయట చెప్పారు. తర్వాత పక్కన ఇద్దర్ని కూర్చోబెట్టి, పొగ వచ్చినా చూసీ చూడనట్టు ఉండమని వాళ్లకు ముందే చెప్పి ఉంచారు. అప్పుడు లేచి చెప్పినవాళ్లు 10 శాతమే. మిగతావాళ్లు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ ఫారం నింపుతూనే ఉన్నారు. ఎందుకు చెప్పలేదని అడిగితే ఆవిరి అనుకున్నామని ఒకరు, ఏసీలోంచి వస్తోందనుకున్నామని ఒకరు. పక్కవాళ్లను చూసి ఊరుకున్నామని మాత్రం ఒప్పుకోలేదు. అసలు పక్కవాళ్లను పట్టించుకోనే లేదన్నారు.

మన వైజాగ్‌లో 2014 అక్టోబర్ 12 మీకు గుర్తుండే ఉంటుంది. హుద్‌హుద్ తుఫాను మన తీరానికే వస్తోందని వాతావరణ శాఖ ముందు నుంచీ చెబుతూనే ఉంది. మా వీధిలో మాత్రం ‘చివర్లో ఒడిశా వైపు తిరిగిపోద్దిలెండి, ఎప్పుడూ అంతే కదా’ అన్న మాటే వినిపించింది. కొవ్వొత్తులు, మంచినీళ్ల క్యాన్లు తెచ్చుకుందామని బయల్దేరినవాళ్లు కూడా పక్కింటాయన అరుగు మీద తాపీగా పేపర్ చదువుకోవడం చూసి ఆగిపోయారు. ఆ పక్కింటాయన వీళ్లు ఆగడం చూసి ఇంకా తాపీ అయిపోయాడు. ఆదివారం మధ్యాహ్నానికి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలి. ఆ తర్వాత పాల ప్యాకెట్ కోసం, పెట్రోల్ కోసం ఎంతసేపు నిలబడ్డామో ఈ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

ఇక అందరూ ఎక్కువగా చెప్పే ప్రయోగం సాలమన్ ఆష్‌ది, 1950ల నాటిది. ఒక కార్డు మీద గీత, ఇంకో కార్డు మీద మూడు గీతలు. మొదటిదానితో సమానమైన గీత ఏదో చెప్పాలి. చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు. కానీ వరుసలో ముందు కూర్చున్నవాళ్లంతా, ముందే మాట్లాడుకున్న ప్రకారం, ఒకే తప్పు జవాబు చెబుతారు. అలాంటి సందర్భాల్లో ఆ ఒప్పందం తెలియనివాళ్లు ఇచ్చిన జవాబుల్లో మూడో వంతుకు పైగా గుంపుతో పాటు తప్పాయి. ఒక్కసారైనా గుంపుతో పోయినవాళ్లు నలుగురిలో ముగ్గురు. ఈ రెండు సంఖ్యలూ చెప్పి ‘మనుషులు గొర్రెల మంద’ అని తేల్చేస్తుంటారు. నాకది నచ్చదు. నాలుగో మనిషి ఒక్కసారి కూడా లొంగలేదు. మూడింట దాదాపు రెండు వంతుల జవాబులు సరైనవే. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఆ వరుసలో ఒకే ఒక్కడు ముందుగా సరైన జవాబు చెబితే, గుంపుతో పోయి తప్పే జవాబులు 5 శాతం దగ్గరికి పడిపోయాయి. నోటితో చెప్పే బదులు కాగితం మీద రాసుకోమన్నప్పుడు కూడా బాగా తగ్గాయి. మీకు పనికొచ్చేవి ఈ రెండే: ఒక తోడు, ఒక కాగితం. వీటి దగ్గరికి మళ్లీ వస్తాను.

ఫ్యాక్టరీలో ఇది ఎలా ఉంటుందో చెబుతాను. షట్‌డౌన్‌లో ఏదైనా ట్యాంకులోకి మనిషి దిగి పని చేయాలంటే పర్మిట్ రాయాలి. గ్యాస్ టెస్ట్ చేయాలి, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు. ట్యాంకులోకి వచ్చే ప్రతి లైనుకీ బ్లైండ్ వేయాలి. అంటే వాల్వు కట్టేసి ఊరుకుంటే చాలదు, పైపుకి అడ్డంగా ఇనుప పలక పెట్టి బోల్టులు బిగించాలి. దిగే ముందు అందర్నీ ఒకచోట నిలబెట్టి ఐదు నిమిషాలు మాట్లాడతారు, టూల్‌బాక్స్ టాక్ అంటారు. ఫోర్‌మన్ చేతిలో పర్మిట్ ప్యాడ్, చెవి మీద పెన్ను. అవతల ప్రొడక్షన్ వాళ్లు ‘ఎంతసేపు?’ అని వాకీటాకీలో అడుగుతూనే ఉంటారు. ఆయన గడగడా చదివేసి ‘అందరికీ ఓకేనా?’ అంటాడు. హెల్మెట్లన్నీ ఒకేసారి ఊగుతాయి. ఇంజినీర్ ఊపాడని సూపర్‌వైజర్, సూపర్‌వైజర్ ఊపాడని ఖలాసీ.

అలాంటి ఒక రోజు నేను ప్రశ్న మార్చి అడిగాను. ‘సాయంత్రం నాలుగింటికి నాకు ఫోన్ వచ్చిందనుకోండి. లోపల దిగినవాడు పడిపోయాడన్నారు. ఏమై ఉంటుంది?’ ఇంజినీర్ నోరు తెరవబోతే ఆపి, అందరికంటే చిన్నవాణ్ని ముందు చెప్పమన్నాను. కాంట్రాక్టర్ దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు. చేతిలో ఉన్న గ్లవ్స్‌ని పిండుతూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత, ‘ఎనక వైపు నైట్రోజన్ లైనుకి బ్లైండ్ ఎయ్యలేదండి. బోల్టులు కిందే పడున్నాయి’ అన్నాడు. వెళ్లి చూస్తే నిజమే. నైట్రోజన్‌కి రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ తగ్గిపోయిందని మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది. ‘పొద్దుట్నుంచీ చూస్తున్నావు కదా, ఇందాక ఓకే అని ఎందుకు ఊపావు?’ అంటే, ‘మీరందరూ ఊపారు కదండీ’ అన్నాడు.

ఆ కుర్రాడికి ధైర్యం రెండు నిమిషాల్లో పెరగలేదు. మారింది ప్రశ్న. ‘ఓకేనా?’ అని అడిగినప్పుడు తప్పు చూపించేవాడు పనికి అడ్డం పడినవాడు అవుతాడు. ‘చెడిపోయింది, ఎందుకు?’ అని అడిగినప్పుడు అదే తప్పు చూపించినవాడు తెలివైన జవాబు చెప్పినవాడు అవుతాడు. గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్టు దీన్నే ‘ప్రీమార్టమ్’ అని పేరు పెట్టి పద్ధతిగా రాశాడు. పని మొదలెట్టక ముందే అది ఘోరంగా విఫలమైందని ఊహించుకుని, కారణాలు ఎవరికి వారు కాగితం మీద రాయాలి.

మీ ఎనిమిది మందిలో ‘ప్లాట్ బాగుందా?’ అన్న ప్రశ్న ఎన్నోసార్లు వచ్చి ఉంటుంది. ‘ఐదేళ్ల తర్వాత ఈ ప్లాట్ రిజిస్ట్రేషన్ కాలేదు, ఎందుకు?’ అన్నది ఒక్కసారైనా వచ్చిందా?

ఇలా గుంపులో పడి విడిగా ఆలోచించడం మానేయడాన్ని గ్రూప్‌థింక్ అంటారు. దాని మీద అసలు పుస్తకం 1972లో ఇర్వింగ్ జానిస్ రాశాడు. ఆయన ముఖ్యంగా తీసుకున్న ఉదాహరణ 1961 ఏప్రిల్‌లో క్యూబా మీద అమెరికా చేయించిన బే ఆఫ్ పిగ్స్ దాడి. అప్పటి అధ్యక్షుడు కెనెడీ చుట్టూ కూర్చున్నవాళ్లు దేశంలోకెల్లా తెలివైనవాళ్లు. సుమారు 1,400 మంది ప్రవాస క్యూబన్లను పంపితే మూడు రోజుల్లో కథ ముగిసింది, వెయ్యి మందికి పైగా పట్టుబడ్డారు. ఆ పథకం మీద అనుమానం ఉండి కూడా మీటింగుల్లో గట్టిగా అడ్డుచెప్పలేకపోయానని సలహాదారు ఆర్థర్ ష్లెసింజర్ తర్వాత బాధపడుతూ రాసుకున్నాడు. నాకు దానికంటే ఆసక్తి కలిగించేది మరుసటి ఏడాది సంగతి. 1962 అక్టోబర్‌లో క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడ్డప్పుడు చుట్టూ ఉన్నది చాలావరకు ఆ మనుషులే. కానీ కెనెడీ కొన్ని మీటింగులకు కావాలనే వెళ్లలేదు. తాను ఉంటే అందరూ తన ముఖం చూసి మాట్లాడతారని తెలుసు. చిన్న జట్లుగా విడదీసి వేర్వేరు ప్రతిపాదనలు రాయించి, ఒకరిదాన్ని ఒకరి చేత విమర్శ చేయించారు. మనుషులు పెద్దగా మారలేదు, కూర్చునే పద్ధతి మారింది. అందుకే ‘నాకు సొంత బుర్ర లేదా?’ అన్న మీ ప్రశ్నకి నేను తొందరపడి అవుననో కాదనో అనడం లేదు.

అలాగని నలుగురూ ఒక్క మాట మీద ఉండటమే రోగం అనుకోకండి. 1966లో ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అని రాష్ట్రమంతా ఒక్క గొంతుతో అరిచింది కాబట్టే 1970లో పార్లమెంటులో ప్రకటన వచ్చింది. ఆ అరుపును గ్రూప్‌థింక్ అన్నవాణ్ని ఉక్కునగరంలో అడుగు పెట్టనివ్వరు. ఎదురు ప్రశ్న అడిగినవాణ్ని ఆ గుంపు ఏం చేస్తుందన్నదే నేను చూసేది. జవాబు చెబుతుందా, జోక్ వేసి నోరు మూయిస్తుందా?

సేఫ్టీలో పనిచేసిన ప్రతివాడికీ తెలిసిన కథ ఛాలెంజర్‌ది. 1986 జనవరి 28న ఆ స్పేస్ షటిల్ లేచిన 73 సెకన్లకే ముక్కలై ఏడుగురు చనిపోయారు. ముందు రోజు రాత్రి ఫోన్ మీటింగులో రాకెట్ బూస్టర్లు చేసిన కంపెనీ ఇంజినీర్లు వద్దన్నారు. చలికి ఓ రింగులనే రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, వేడి వాయువు బయటికి తన్నుకొస్తుంది అన్నారు. నాసా అధికారులు అసంతృప్తి చూపించారు. కంపెనీ మేనేజర్లు కాసేపు ఫోన్ పక్కన పెట్టి తమలో తాము మాట్లాడుకుని, ఇంజినీర్లను ఓటు అడగకుండానే సరే అనేశారు. ఆ రాత్రి జరిగింది ఏమిటంటే, రుజువు భారం అటు నుంచి ఇటు మారిపోయింది. మామూలుగా ‘ఎగరడం క్షేమమే’ అని రుజువు చేయాలి. ఆ రాత్రి మాత్రం ‘ఎగరడం ప్రమాదమే’ అని ఇంజినీర్లు రుజువు చేయాల్సి వచ్చింది. కచ్చితంగా పేలుతుందని ముందే ఎవడు రుజువు చేయగలడు?

మీ బండిలోనూ అదే మార్పు జరిగింది చూడండి. లేఅవుట్ శుభ్రంగా ఉందని కాగితం చూపించాల్సింది అమ్మేవాడు. కానీ ‘లోపం ఉందని నా దగ్గర ఆధారమేముంది, ఎలా అడగను?’ అని మీరు ఆగిపోయారు. అనుమానం ఉన్నవాళ్ల మీదకి భారం వచ్చి పడిందంటే ఆ మీటింగ్ గాడి తప్పినట్టే. అది ఫ్యాక్టరీ అయినా, పెళ్లి సంబంధం అయినా, ప్లాట్ అయినా.

ఇంతవరకూ గుంపు సంగతి. ఇప్పుడు మీ సంగతి. గుంపు మనల్ని ఎక్కడ పడితే అక్కడ నొక్కలేదు. లోపల ముందే ఒక మెత్తటి చోటు ఉంటుంది, అక్కడే నొక్కుతుంది. ఒక్కొక్కరికీ ఆ చోటు వేరు.

వైజాగ్‌లో దాదాపు ప్రతి మధ్యతరగతి ఇంట్లోనూ కొనని స్థలం కథ ఒకటి ఉంటుంది. ‘మధురవాడలో ఎకరం ఇస్తామంటే అడవిలో ఏం చేసుకుంటామన్నాడు మీ తాత.’ ‘ఎంవీపీలో ప్లాట్ వస్తే ఊరవతల ఎవరుంటారని వదిలేశాడు మావయ్య.’ పండక్కి నలుగురు చేరితే అన్నం తిన్నాక వచ్చే మాట ఇదే. దీని వెనకాలే చివర్లో ‘ఇవాళ ఉంటే మనం ఎక్కడుండేవాళ్లం!’ అన్న నిట్టూర్పు. ఇరవై ఏళ్లు ఇది వింటూ పెరిగినవాళ్లకి ప్లాట్ వద్దనడం అంటే తాతలాంటి తెలివితక్కువ మనిషినని ఒప్పుకోవడమే. కొని దెబ్బతిన్న కథ మాత్రం ఎవరూ చెప్పరు. గెడ్డ పోరంబోకులో, అంటే వాగు కింద ఉన్న ప్రభుత్వ భూమిలో, ప్లాట్ కొని కలెక్టరేట్ చుట్టూ తిరుగుతున్న బాబాయి పండగ భోజనాల్లో ఆ ఊసు ఎత్తడు. డి పట్టా భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన, అమ్మకాల మీద ఆంక్షలున్న భూమి) అని తెలియక కొన్న పెదనాన్న అసలు ఆ ప్లాట్ ఉందని కూడా అనడు. అలా మన చెవిన పడేవన్నీ కొననివాళ్ల పశ్చాత్తాపాలే. బుర్ర వాటితోనే లెక్క కడుతుంది.

దీనికి తోడు ఎయిర్‌పోర్టు. భోగాపురంలో 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో ఒకసారి శంకుస్థాపన చేశారు. రెండుసార్లూ ఆనందపురం దాటాక రోడ్డు పక్కన లేఅవుట్ ఫ్లెక్సీలు మొలిచాయి. ఎయిర్‌పోర్టు నిజం, దాన్ని నేను కాదనను. ఎయిర్‌పోర్టు నిజమైనంత మాత్రాన ఆ రోడ్డు మీద ప్రతి సర్వే నంబరూ నిజం కాదు కదా. సైట్ ఆఫీసులో గోడ మీద మ్యాప్, దాని మీద అమ్ముడైన ప్లాట్లకి ఎర్ర స్టిక్కర్లు చూసే ఉంటారు. ‘ఈస్ట్ ఫేసింగ్ మూడే ఉన్నాయి మేడమ్’ అని ఉంటాడు. ఆ ఎర్ర స్టిక్కర్లు కూడా ఒక గుంపే. మీకు ముఖం తెలియని మనుషులు ముందే ఓకే అన్నారని చెప్పే గుంపు.

రెండో మెత్తటి చోటు చదువుకున్నవాళ్లలో ఎక్కువగా చూస్తాను. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ కారొల్ డ్వెక్ మైండ్‌సెట్ గురించి చెప్పే మాట ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది. తెలివి అనేది పుట్టుకతో వచ్చే కొలత, అది మారదు అనుకునేవాళ్లు తెలియదని బయటపడే సందర్భాల నుంచి తప్పుకుంటారు. నేర్చుకుంటే పెరుగుతుందనుకునేవాళ్లు అడిగేస్తారు. మీ బ్యాచ్ అంతా ఇంజినీర్లు, కోడ్‌లో చిన్న తప్పున్నా పట్టేసేవాళ్లు. అలాంటివాళ్ల మధ్య ‘ఎల్‌పీ నంబర్ అంటే ఏంటి?’ అని అడగడం నామోషీ. అది లేఅవుట్ పర్మిషన్ నంబరు, అంతే. ప్రశ్న ఎంత చిన్నదైతే అంత నామోషీ. అందుకే పెద్ద ప్రశ్నలే అడుగుతారు, ‘ఐదేళ్లలో రేటు ఎంతవుతుందండీ?’ అని. దానికి జవాబు చెప్పడం అమ్మేవాడికి మహా సరదా.

మూడోది టోకెన్. ‘యాభై వేలు పోతాయి కదా సార్’ అని రాశారు. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక లెక్క అడిగారు. మీరు 100 డాలర్లకి ఒక ట్రిప్, 50 డాలర్లకి ఇంకో ట్రిప్ కొన్నారు, 50 డాలర్లదే ఎక్కువ సరదాగా ఉంటుందని మీకే తెలుసు, రెండూ ఒకే వారాంతంలో పడ్డాయి, దేనికి వెళ్తారు? డబ్బు రెండిటిదీ ఎలాగూ పోయింది. అయినా సగం మందికి పైగా 100 డాలర్ల ట్రిప్‌కే వెళ్తామన్నారు. యాభై వేలు పోకుండా కాపాడుకోవడానికి ఐదు లక్షలు వేయడం ఈ లెక్కే. రేపు ఐదున్నర లక్షలు కాపాడుకోవడానికి మిగతాది వేయమంటారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇదంతా చదివి ఇకనుంచి ప్రతిదానికీ అడ్డం తిరిగే మనిషి కావద్దు. మా ఆఫీసులో అలాంటి ఆయన ఒకరు ఉండేవారు. ఏ ప్రతిపాదన వచ్చినా ముందు వద్దనేవారు. చివరికి ఆయన నిజంగా ప్రమాదం చూసి చెప్పిన రోజున కూడా ‘ఆయన ఎప్పుడూ అంతేలే’ అని నవ్వేశారు. గుంపుకి లొంగేవాడూ, గుంపుకి ఎదురెళ్లడమే పనిగా పెట్టుకున్నవాడూ, ఇద్దరూ ముందు గుంపు వైపే చూస్తారు. కాగితం వైపు చూసేది ఎవరు?

ఇక ఆదివారం లోపు ఏం చేయాలో చెబుతాను. ముందు ఒక కాగితం తీసుకుని, మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్ తెరవకుండా, ఈ ప్లాట్ మీరు ఒంటరిగా అయితే కొనేవారా, ఎందుకు, ఏ కాగితం చూస్తే నమ్ముతారు అన్నది రాయండి. రాసేశాక మనసు మార్చుకోవచ్చు, కానీ మొదట ఏమనుకున్నారో మీ చేతిరాతలో ఉంటుంది. తర్వాత ఆ ఏడుగురిలో సైట్ దగ్గర అందరికంటే తక్కువ మాట్లాడిన మనిషికి ఫోన్ చేయండి. గ్రూప్‌లో వద్దు, మెసేజ్ కూడా వద్దు. ‘నాకు అప్రూవల్ మీద అనుమానంగా ఉంది, నీకేమైనా అనిపించిందా?’ అని అడగండి. ఆష్ ప్రయోగంలో ఆ ఒక్క తోడు చేసిన పని గుర్తుంది కదా. ‘నాకూ అదే అనిపించింది, నువ్వే ధీమాగా ఉన్నావని ఊరుకున్నా’ అనే జవాబు వచ్చినా నేను ఆశ్చర్యపోను.

ఇద్దరయ్యాక గ్రూప్‌లో ఇలా పెట్టండి (వీఎంఆర్‌డీఏ అంటే లేఅవుట్‌కి అనుమతి ఇచ్చే సంస్థ, రెరా అంటే స్థిరాస్తి అమ్మకాలను నియంత్రించే సంస్థ): ‘ప్లాట్ లొకేషన్ నాకు నచ్చింది. వీఎంఆర్‌డీఏ లేఅవుట్ పర్మిషన్ నంబరు, ఏపీ రెరా నంబరు, సర్వే నంబర్లు ఇవ్వమని అడుగుతున్నాను. అవి చూసుకున్నాకే నేను డబ్బు కడతాను. ఇంకెవరికి కావాలో చెప్పండి, కాపీలు అందరికీ పెడతాను.’ ఇందులో ఎవరినీ తప్పుపట్టలేదు, కొనొద్దని కూడా అనలేదు. భారం మళ్లీ అమ్మేవాడి మీదకి వెళ్లింది. పైగా ఇది నటన కాదు, మీ నిజమైన అనుమానం. ఉత్తుత్తిగా ఎదురువాదన చేసే పాత్ర కంటే నిజంగా అనుమానం ఉన్న ఒక్కరే గుంపు చేత బాగా ఆలోచింపజేస్తారని చార్లన్ నెమెత్ అనే పరిశోధకురాలు చూపించింది.

చట్టం మీ వైపే ఉంది. 2016 నాటి రెరా చట్టం సెక్షన్ 3 ప్రకారం, 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను రెరాలో రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. మీరు చెప్పిన ‘ప్రీ లాంచ్’ బుకింగ్‌కి రెరా నంబరు లేకపోతే అసలు అక్కడే ఆగిపోవాలి. సెక్షన్ 13 ప్రకారం, అమ్మకం ఒప్పందం రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. 200 గజాలు, గజం 18 వేలు అంటే 36 లక్షలు, దానిలో పదో వంతు 3 లక్షల 60 వేలు. ఒప్పందం లేకుండా ఐదు లక్షలు అడగడమే తప్పు. సర్వే నంబరు వచ్చాక రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో చూడండి, కనీసం 30 ఏళ్లకి ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయండి, మీభూమి అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అడంగల్, 1బి అనే భూమి రికార్డులు ఎవరి పేరు మీద ఉన్నాయో చూడండి. ఆ తర్వాత ఒక లాయరుకి లింక్ డాక్యుమెంట్లు (ఆ భూమి పాత అమ్మకాల దస్తావేజులు) చూపించండి, ఎనిమిది మంది పంచుకుంటే ఆ ఫీజు పెద్ద లెక్కేం కాదు. ‘తర్వాత ఎల్ఆర్ఎస్‌లో రెగ్యులరైజ్ అయిపోద్ది మేడమ్’ అని ఎవరైనా అంటే (ఎల్ఆర్ఎస్ అంటే అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకం), ఇప్పుడు అప్రూవల్ లేదని వాళ్ల నోటితోనే చెప్పినట్టు.

అన్నీ సరిగ్గా ఉంటే కొనండి, నాకేం అభ్యంతరం లేదు. మంచి లేఅవుట్లు కూడా ఆ రోడ్డులో ఉన్నాయి.

ఇవాళ మాత్రం టోకెన్ రసీదు తీసి చూడండి. కంపెనీ పేరు, సర్వే నంబరు, డబ్బు వాపసు షరతు అందులో ఉన్నాయా? సర్వే నంబరు లేకపోతే మీరు ఏ భూమికి డబ్బు కట్టారో కాగితం మీద లేనట్టే. అలాంటప్పుడు ఐదు లక్షల సంగతి పక్కన పెట్టి ముందు ఆ యాభై వేలు వెనక్కి ఇమ్మని మెయిల్ పెట్టండి. ఫోన్‌లో అడిగితే ‘చూద్దాం మేడమ్’ అంటారు. అడిగినట్టు రుజువు కూడా ఉండదు.